గ్రాఫులోని గీత రైలుపట్టా కాదు

సంక్రాంతి సెలవులకు రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నం వెళ్ళే రైలు మనలో చాలామందికి పరిచయమే. మహాసముంద్, టిట్లాగఢ్ దాటి, రాయగడ దగ్గర కొండల మధ్యగా సాగి, పార్వతీపురం మీదుగా విజయనగరం చేరుతుంది. ఈ ప్రయాణాన్ని దూరం-కాలం గ్రాఫుగా గీయమంటే చాలామంది కొండలు వచ్చిన చోట గీతను నిటారుగా పైకి లేపుతారు. అది పొరపాటు.

గ్రాఫు దారికి బొమ్మ కాదు. అడ్డంగా కాలం, నిలువుగా బయలుదేరిన చోటి నుంచి రైలు నడిచిన దూరం ఉంటాయి. గీత వాలు వేగాన్ని చెబుతుంది. ఒక రైలు మొదటి 40 నిమిషాల్లో 40 కి.మీ. వెళ్ళింది, 10 నిమిషాలు ఆగింది, తర్వాత 20 నిమిషాల్లో 30 కి.మీ. వెళ్ళింది అనుకుందాం. మొదటి భాగంలో వేగం గంటకు 60 కి.మీ. ఆగినప్పుడు కాలం గడుస్తుంది, దూరం పెరగదు. కాబట్టి గీత అడ్డంగా ఉంటుంది. చివరి భాగంలో వేగం గంటకు 90 కి.మీ., అందుకే అక్కడ గీత ఎక్కువ నిటారుగా ఉంటుంది. రైలు కొండ ఎక్కుతూ నెమ్మదిస్తే వాలు తగ్గుతుంది!

వేగం-కాలం గ్రాఫులో అడ్డగీతకు అర్థం వేరు. రైలు ఆగిందని కాదు, ఒకే వేగంతో వెళ్తోందని. ఇక్కడ వాలు త్వరణం. గీత కింద ఉన్న వైశాల్యం నడిచిన దూరం. రైలు 100 సెకన్లలో సెకనుకు 20 మీటర్ల వేగం అందుకుని, 200 సెకన్లు అదే వేగంతో సాగి, 50 సెకన్లలో ఆగిందనుకోండి. మూడు భాగాల వైశాల్యాలు 1000, 4000, 500. మొత్తం 5500 మీటర్లు, అంటే ఐదున్నర కిలోమీటర్లు. కాబట్టి పరీక్షలో గ్రాఫు ఇస్తే ముందు నిలువు అక్షం మీద ఏం రాసి ఉందో చూడండి. గీత సంగతి ఆ తర్వాత.

ఇది మార్కుల కోసమే నేర్చుకునే పాఠం కాదు. మన రాయ్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేలో ఒక డివిజన్ కేంద్రం. రైల్వే కంట్రోల్ ఆఫీసుల్లో ఒక్కో రైలుకు ఒక్కో గీత గీస్తారు: అడ్డంగా కాలం, నిలువుగా స్టేషన్లు. ఒకప్పుడు కాగితం మీద పెన్సిల్‌తో గీసేవారు, ఇప్పుడు కంప్యూటర్ తెర మీద చూస్తున్నారు. ఎదురెదురుగా వచ్చే రైళ్ళ గీతల్లో ఒకటి పైకి, ఒకటి కిందికి వెళ్తుంది. ఆ గీతలు కలిసిన చోట రెండు రైళ్ళూ ఒకే సమయానికి ఒకే చోట ఉన్నట్టు. ఒంటి లైను మీద ఆ చోటు స్టేషనే కావాలి. అక్కడ ఒక రైలు పక్క లైనులో ఆగి రెండోదానికి దారి ఇస్తుంది. రెండు స్టేషన్ల మధ్య గీతలు కలిసేలా ఉంటే ఆ పథకం పనికిరాదు. ఒక రైలును ముందే ఆపాలి.

ఈసారి విశాఖ రైలెక్కినప్పుడు ఒక నోటుపుస్తకం వెంట ఉంచుకోండి. ప్రతి స్టేషన్ దగ్గరా సమయం, దూరం రాసుకుంటే, ఇల్లు చేరేసరికి మీ ప్రయాణం గ్రాఫు మీ చేతిలో ఉంటుంది. రైలు ఎక్కడ పరుగెత్తిందో, ఎక్కడ నెమ్మదించిందో ఆ గీతే చెబుతుంది.