సర్కారు ల్యాబ్‌లో సైంటిస్టు

హైదరాబాద్‌లో తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే దారిలో ఐఐసీటీ (రసాయన శాస్త్రం), ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక శాస్త్రం), సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్రం) దగ్గరదగ్గరగా ఉంటాయి. మూడూ సీఎస్‌ఐఆర్ (శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి) సంస్థలే. ఆ మండలి 1942లో ఏర్పడింది, దానికి అధ్యక్షుడు ప్రధానమంత్రి.

ఇక్కడ సైంటిస్టుగా చేరేవారిలో ఎక్కువమంది పీహెచ్‌డీ పూర్తిచేసినవారు. పై మెట్టు ఎక్కడానికి పైవారి కుర్చీ ఖాళీ కానక్కర్లేదు. నిర్ణీత సర్వీసు నిండాక, చేసిన పనిని నిపుణుల కమిటీ పరిశీలించి పదోన్నతి ఇస్తుంది. చేతికింద నెట్ పరీక్ష పాసై ఫెలోషిప్‌తో వచ్చిన పరిశోధక విద్యార్థులుంటారు. రోజువారీ ప్రయోగాలు చాలావరకు వారివే. సైంటిస్టు పొద్దులో మంచి భాగం ప్రాజెక్టు ప్రతిపాదనలకు, కొనుగోలు ఇండెంట్లకు, టెండర్లకు పోతుంది. ప్రజాధనం కనుక లెక్క తప్పదు. కాకపోతే రసాయనం రాక ప్రయోగం ఆగిపోతే విసుగూ తప్పదు.

ఇలాంటి చోట దొరికే అసలు సౌకర్యం, ఒకే సమస్యను ఏళ్లతరబడి పట్టుకుని కూర్చోగలగడం. సాంబ మసూరి వరినే తీసుకుంటే, 1986లో బాపట్ల నుంచి వచ్చిన ఈ బీపీటీ 5204 బియ్యం తినడానికి హాయి. పైరుకు మాత్రం బాక్టీరియా ఎండాకు తెగులు బెడద. సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి తెగులును తట్టుకునే మూడు జన్యువులను అందులోకి తెచ్చాయి. వేరే వరితో ఒకసారి సంకరిస్తే జన్యువులతో పాటు అక్కర్లేని గుణాలూ వస్తాయి. అందుకే వచ్చిన మొక్కలను కొన్ని తరాలపాటు మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే సంకరించారు. ఏ మొక్కలో జన్యువులున్నాయో ఆకు డీఎన్‌ఏలోని గుర్తులే చెబుతాయి. కనుక పైరు ఎదిగేదాకా ఆగకుండా లేత మొక్కల్లోనే ఏరుకోవచ్చు.

డీఎన్‌ఏ చెప్పినదాన్ని పొలంలో రుజువు చేసుకోవాలి. బాక్టీరియా కలిపిన నీళ్లలో కత్తెర ముంచి ఆకు కొసలు కత్తిరిస్తారు. రెండు వారాలకు తెగులు సోకే రకంలో ఎండు చార కిందికి బాగా పాకుతుంది. తట్టుకునే రకంలో కోసినచోటికి దగ్గర్లోనే ఆగుతుంది. స్కేలు పెట్టి ఆ పొడవు కొలుస్తారు. ఆ తర్వాత దిగుబడి, గింజ నాణ్యత చూడాలి. అన్నం మునుపటిలా లేకపోతే తెగులు తగ్గినా ఆ రకాన్ని ఎవరూ వేయరు.

మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఈ మూడు జన్యువుల కాపుదల ఎండాకు తెగులు వరకే. అగ్గి తెగులుకు వేరే జన్యువులు కావాలి. వాటికోసం మళ్లీ సంకరణాలు చేయాల్సిందే.