పెట్టెలో ఏముంది?



"అమ్మా, ఒక్క పెట్టె తెరుస్తాను, డబ్బులియ్యవా?" అని ఆటలో మునిగిన మీ బిడ్డ అడిగితే మీరేమంటారు? కొందరు కోప్పడతారు. కొందరు పోరు పడలేక ఇచ్చేస్తారు. ఏది చేయకముందే ఆ పెట్టె ఏమిటో మనకు తెలియాలి గదా!

ప్రపంచమంతటా ఆడే కౌంటర్-స్ట్రైక్ అనే తుపాకుల ఆటనే చూడండి. 2013లో దానిలోనికి ఇటువంటి పెట్టెలు వచ్చాయి. ఆడుతుండగా పెట్టె ఊరకనే దొరకవచ్చు. కానీ దానికి తాళముంటుంది. తాళపు చెవి వెల 2.49 డాలర్లు. లోపల ఉండేది తుపాకీకి వేసే రంగుల పైపూత, స్కిన్ అంటారు. దానివలన తూటా బలం పెరగదు, గురి కుదరదు. అది చూపులకు మాత్రమే.

ఏ రంగు వస్తుందో డబ్బు కట్టాకనే తెలుస్తుంది. చైనా నిబంధనల వలన 2017లో లెక్క బయటపడింది. నూటికి సుమారు 80 సార్లు వచ్చేది అన్నిటికన్నా సామాన్యమైన రకమే. అందరూ ఆశపడే కత్తి వంటి అరుదైన వస్తువు వచ్చేది 0.26 శాతమే. అంటే సగటున 385 పెట్టెలకు ఒకటి! తాళపు చెవులకే 950 డాలర్లు దాటుతుంది. పోనీ, 385 తెరిస్తే తప్పక వస్తుందా? రాదు. ప్రతి పెట్టె ఒక కొత్త చీటీ. అన్ని తెరిచినవారిలో కూడా ముగ్గురిలో ఒకరికి పైగా ఆ వస్తువు దక్కదు.

తెరవగానే బొమ్మలు గిర్రున తిరుగుతాయి. కత్తి గుర్తు పక్కనుండి జారిపోతుంది. "అయ్యో, కొద్దిలో తప్పింది" అని మనసు మరో చెవి కొనమంటుంది. 2018లో బెల్జియం దేశపు జూద నియంత్రణ సంస్థ ఈ ఆటలోని పెట్టెలను జూదమనే తేల్చింది.

అయితే బిడ్డకు ఆ రంగు ఎందుకు? గెలవడానికి కాదు, తోటివారి కళ్లలో తక్కువ కాకూడదని. ప్రియ సహోదరీ, పెళ్లికి పోయినప్పుడు పక్కవారి చీర చూసి మన మనసు చిన్నబుచ్చుకోలేదా? బిడ్డను నిందించకముందు మనలను మనం చూసుకుందాం.

సిలువ క్రింద సైనికులు ప్రభువు అంగీ కోసం చీట్లు వేసుకున్నారు. చీటీ మీద కన్నుంచినవారు తలయెత్తి ఆయనను చూడలేకపోయారు. లూకా సువార్త 15వ అధ్యాయంలో మరొక వస్త్రమున్నది. తప్పిపోయి తిరిగివచ్చిన కుమారునికి తండ్రి దానిని తొడిగించాడు. చీటీ లేదు, తాళము లేదు, వెల లేదు. కొడుకు గనుక ఇచ్చాడు.

కాబట్టి ఈ రాత్రి బిడ్డ పక్కన కూర్చోండి. "చూపించు నాన్నా" అని అడగండి. ఏ వస్తువు వచ్చే అవకాశమెంతో ఇద్దరూ కలిసి లెక్క వేయండి. ఏమి వస్తుందో తెలియని దానికి డబ్బు కట్టబోమని ఒక మాట అనుకోండి. ఫోనులో దాచిన కార్డు వివరాలు తీసివేయండి. అన్నిటికన్నా ముందు, "నీవు నా బిడ్డవు, నీ విలువ ఏ పెట్టెలోనూ లేదు" అని చెప్పండి. ఆ మాట వినడానికే బిడ్డ ఎదురుచూస్తున్నాడేమో!

ప్రభువు మీ గృహములను కాపాడి దీవించును గాక. ఆమెన్.