జైలు ఉద్యోగమా, ఆడపిల్లకా?

ఇంటర్ పాసైన కూతురు “జైల్లో వార్డరు ఉద్యోగానికి పెడతానమ్మా” అంటే మనలో ఎంతమందికి గుండె ఝల్లుమనదు చెప్పండి. కర్నూల్లో మా పక్కింటావిడ నాతో అదే అంది: “ఏందక్కా, పోయి పోయి జైలా?”

భయం సహజమే. కానీ ఆడఖైదీలున్న చోట వాళ్ళను సోదా చేయటానికీ, కనిపెట్టుకుని ఉండటానికీ ఆడవాళ్ళే కావాలి గదా! వాళ్ళతోపాటు లోపలికొచ్చిన పసిబిడ్డలూ ఉంటారు. మన రాష్ట్రం కూడా ప్రతివాదిగా ఉన్న ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో తీర్పు చెప్పింది. ఆరేళ్ళ లోపు బిడ్డ తల్లి దగ్గర ఉండవచ్చునంది. ఆ బిడ్డను ఖైదీలా చూడరాదనీ, తిండి, వైద్యం, చదువు, ఆట అన్నీ అమర్చాలనీ అంది. మరి అవి దగ్గరుండి చూసేదెవరు? తాళంచెవుల గుత్తి పట్టుకోవటం ఒక్కటే ఉద్యోగమనుకోకండి. అయితే రాత్రి డ్యూటీ తప్పదు, పండగపూట సెలవూ అనుమానమే. దాచి చెప్పటం న్యాయం కాదు.

ఇక అసలు ప్రశ్న, ఉద్యోగాలు దొరుకుతాయా? 2022 లెక్కల ప్రకారం దేశంలో వందమంది పట్టే జైళ్ళలో 131 మంది ఉన్నారు. అది వింటే బోలెడు కొలువులున్నాయనిపిస్తుంది. కానీ జైళ్ళు రాష్ట్ర ప్రభుత్వానివి, ప్రకటన వేస్తేనే పోస్టు. 2018లో పోలీసు నియామక మండలి వేసిన వార్డరు పోస్టులు మగవారికి 100, ఆడవారికి 23. రాష్ట్రం మొత్తానికీ అంతే! 2022లో 6,100 కానిస్టేబులు పోస్టులకు ప్రకటన వస్తే అందులో వార్డరు ఊసే లేదు.

అందుచేత నేను చెప్పేదేమిటంటే, జైలు ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. 2018లో కానిస్టేబులుకూ వార్డరుకూ కలిపే ప్రకటన వచ్చింది. రాతపరీక్ష, పరుగు, లాంగ్‌జంపు. ఆ చదువూ ఆ కసరత్తూ రెంటికీ పనికొస్తాయి. డిగ్రీ అయినవాళ్ళు డిప్యూటీ జైలరుకు చూడవచ్చు. అదే ఏడు ఎస్సై పోస్టులతోపాటు అవీ 14 వేశారు.

ఇంకొక మాట. కర్నూలుకు పంచలింగాలలో జిల్లా జైలుంది. కడపలో సెంట్రల్ జైలూ, ఆడవారికి వేరే జైలూ ఉన్నాయి. అయినా ఇంటి పక్కనే వేస్తారన్న ఆశ పెట్టుకోవద్దు, రాజమండ్రికైనా పొమ్మనవచ్చు.

మా పక్కింటావిడ కూతురు ఇప్పుడు తెల్లవారుజామునే స్కూలు మైదానంలో పరుగెడుతోంది. ఎండెక్కితే మన ఊళ్ళో పరుగు సాగుతుందా! మైదానం అంచున మంచినీళ్ళ సీసా పట్టుకుని వాళ్ళమ్మ.