రెండు కంప్యూటర్లకూ ఒకటే మౌస్... మెడకు, మణికట్టుకు ఊరట

పత్తికొండలో ఓ ఇల్లు. ముందుగదిలో టేబుల్ మీద ఎడమవైపు కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్. కుడివైపు ఇంట్లో వాళ్లందరూ వాడుకునే కంప్యూటర్. రెండింటికీ చెరో కీబోర్డు, చెరో మౌస్. మధ్యలో కూర్చున్న మనిషి పొద్దున్నుంచీ ఇటు తిరిగి నాలుగు ముక్కలు కొట్టటం, అటు చెయ్యి చాచి మౌస్ పట్టుకోవటం. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. రాత్రి నిద్రలో వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంది. 2020లో కొవిడ్‌తో ‘ఇంటి నుంచి పని’ పెరిగాక ఇలాంటి ఇళ్లు చిన్న ఊళ్లలోనూ కనిపిస్తున్నాయి. ఆదోనిలో పత్తి వ్యాపారుల దగ్గర లెక్కలు చూసేవారికైనా, బిల్లులకు ఒక కంప్యూటరు, ఆన్‌లైన్ పనులకు మరొకటి ఉంటే ఇదే తంటా.

ఇలాంటప్పుడు చాలామంది నొప్పి మాత్ర వేసుకుంటారు, లేదా కుర్చీ మారుస్తారు. కానీ ముందు మార్చాల్సింది టేబుల్ మీది అమరిక. రెండు మూడు కంప్యూటర్లను ఒకే కీబోర్డు, ఒకే మౌస్‌తో నడిపించే వీలుంది.

నొప్పి ఎక్కడి నుంచి?

చెయ్యి ఒంటికి దగ్గరగా ఉన్నప్పుడు భుజం కండరాల మీద భారం తక్కువ. పక్కకు చాచి గాల్లో ఉంచితే ఆ బరువంతా భుజం, మెడ మోయాల్సిందే. అదీ రోజులో వందల సార్లు! దీనికితోడు నడుము ఒకవైపు, తల ఇంకోవైపు తిప్పి కూర్చుంటే కండరాలు బిగుసుకుపోతాయి.

ల్యాప్‌టాప్‌తో మరో చిక్కుంది. తెరా, కీబోర్డూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. తెర కళ్లకు ఎదురుగా ఉండాలంటే చేతులు పైకెత్తాలి. చేతులు సరైన ఎత్తులో ఉండాలంటే తల దించాలి. రెండూ ఒకేసారి కుదరవు. అందుకే విడి కీబోర్డు అవసరం. ఆ ఒక్క కీబోర్డే అన్నింటికీ పనిచేస్తే, ల్యాప్‌టాప్‌లను నాలుగు పుస్తకాల మీద పెట్టి తెరలను కళ్ల ఎత్తుకు తేవచ్చు.

మార్గాలు మూడు

కేవీఎం స్విచ్: ఇదో చిన్న పెట్టె. కీబోర్డు, మౌస్, తెర దీనికి తగిలిస్తారు. పెట్టె నుంచి రెండు కంప్యూటర్లకూ వైర్లు వెళ్తాయి. మీట నొక్కితే ఒక కంప్యూటరు, మళ్లీ నొక్కితే రెండోది. సాధారణంగా కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రామూ వేయక్కర్లేదు. తెర కూడా ఒక్కటే చాలు.

సాఫ్ట్‌వేర్: రెండు తెరలూ పక్కపక్కనే ఉంటాయి. మౌస్ బాణాన్ని మొదటి తెర అంచు దాటిస్తే రెండో కంప్యూటర్ తెర మీదికి వెళ్తుంది. కీబోర్డూ దాని వెంటే పనిచేస్తుంది. విండోస్ కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లోని ‘మౌస్ వితౌట్ బోర్డర్స్’తో 4 కంప్యూటర్ల వరకూ నడపొచ్చు. ఇవన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి. ఆపిల్ వాడేవారికి 2022లో వచ్చిన ‘యూనివర్సల్ కంట్రోల్’ మ్యాక్, ఐప్యాడ్‌లను ఇలాగే కలుపుతుంది.

మీట ఉన్న మౌస్, కీబోర్డు: కొన్ని బ్లూటూత్ రకాలను రెండు మూడు కంప్యూటర్లకు ఒకేసారి జత చేసుకోవచ్చు. వాటి మీదున్న మీట నొక్కితే ఒకదాని నుంచి మరోదానికి మారతాయి.

ఒక జాగ్రత్త. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో సొంతంగా ఏ ప్రోగ్రామూ వేయొద్దు. ముందు ఆఫీసు ఐటీ విభాగాన్ని అడగండి. పాస్‌వర్డ్ కొట్టే ముందు బాణం ఏ తెర మీదుందో చూసుకోండి. లేదంటే ఒకచోట కొట్టాల్సింది మరోచోట పడుతుంది.

ఇలా అమర్చుకోండి

* కీబోర్డు ఒంటికి సరిగ్గా ఎదురుగా, మౌస్ దాని పక్కనే. మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా, దాదాపు 90 డిగ్రీలు వంగి ఉండాలి.
* పక్కన అంకెల మీటలు లేని చిన్న కీబోర్డు తీసుకుంటే మౌస్ మరింత దగ్గరికొస్తుంది. లెక్కల పని చేసేవారికి మాత్రం ఇది కుదరకపోవచ్చు.
* మణికట్టు పైకీ కిందకీ వంగకుండా తిన్నగా ఉండాలి. టేబుల్ అంచు మీద ఆనించి నొక్కిపెట్టొద్దు.
* తెర చెయ్యి చాచినంత దూరంలో, దాని పైఅంచు కళ్ల ఎత్తులో ఉండాలి. ఒక తెరనే ఎక్కువగా చూస్తే దాన్ని ఎదురుగా పెట్టుకోవాలి. రెండింటినీ సమానంగా చూస్తే వాటి మధ్య గీత ముక్కుకు సూటిగా రావాలి.
* పాదాలు నేలకు ఆనాలి. అందకపోతే కింద పీట వేసుకోవచ్చు.

డాక్టర్‌ను ఎప్పుడు కలవాలి?

మణికట్టు దగ్గర ఇరుకైన దారిలోంచి మీడియన్ నాడి చేతిలోకి వెళ్తుంది. అది నొక్కుకుపోతే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలు సగం మొద్దుబారతాయి. దీన్నే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. దీనికి కంప్యూటర్ ఒక్కటే కారణమనుకోవద్దు. మధుమేహం, థైరాయిడ్ హార్మోన్ తగ్గటం, ఊబకాయం, కీళ్లవాతం, గర్భం ఉన్నవారిలో ముప్పు ఎక్కువ. మణికట్టు వంచి పనిచేస్తుంటే బాధ మరింత పెరగొచ్చు.

రాత్రిళ్లు తిమ్మిర్లతో మెలకువ వస్తున్నా, చేతిలోంచి గ్లాసు జారిపోతున్నా, చొక్కా గుండీ పెట్టుకోవటం కష్టమవుతున్నా ఆలస్యం వద్దు. బొటనవేలి మొదట్లో కండ తగ్గిపోతుంటే నాడి బాగా దెబ్బతింటున్నట్టే. మొదట్లోనే వస్తే చాలామందికి రాత్రి మణికట్టును తిన్నగా ఉంచే పట్టీతోనే ఉపశమనం దొరుకుతుంది. ముదిరితే ఆపరేషన్ అవసరం కావొచ్చు. మెడ నుంచి చేతిలోకి నొప్పి పాకుతుంటే కూడా చూపించుకోవాల్సిందే.

లేవటం మరవొద్దు

అమరిక మారిస్తే సగం పనే అయినట్టు. ఎమ్మిగనూరులో గుంట మగ్గం చూసినవారికి తెలుసు. నేతన్నకు చేతికి కావాల్సింది చేతికి, కాలికి కావాల్సింది కాలికి అందేలా ఉంటుంది. అయినా గంటల తరబడి కదలకుండా కూర్చుంటే నడుము నొప్పి తప్పదు. కంప్యూటర్ పనీ అంతే. అన్నీ చేతికందుతున్నాయని కుర్చీకి అతుక్కుపోతే ఒక నొప్పి పోయి మరో నొప్పి వస్తుంది. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి, భుజాలు తిప్పండి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకండ్ల పాటు చూస్తే కళ్లకూ విశ్రాంతి. మంచినీళ్ల సీసాను టేబుల్ మీద కాకుండా వంటింట్లో పెట్టుకుంటే, దాని కోసమైనా లేస్తారు!