విడిచిపెట్టినంత మాత్రాన తప్పు మాఫీ కాదు

అక్రమంగా ఆపి నిర్బంధిస్తే పరిహారం కోరవచ్చు
నలభై ఏళ్ల కిందటి తీర్పు నేటికీ సామాన్యుడికి అండ

రాత్రివేళ రహదారిపై పోలీసులు వాహనాన్ని ఆపుతారు. దిగమంటారు. కారణం చెప్పకుండా స్టేషనుకు తీసుకువెళతారు. ఇంటివారికి కబురు అందదు. రెండు మూడు రోజుల తరువాత వెళ్లిపొమ్మంటారు. ప్రాణాలతో బయటపడ్డాం, అదే పదివేలు అనుకుని ఆ మనిషి మౌనంగా ఇల్లు చేరుకుంటాడు. విడిచిపెట్టారు కనుక వ్యవహారం అంతటితో ముగిసిందన్నది గ్రామాల్లో చాలామంది భావన. కానీ చట్టం దృష్టిలో వ్యవహారం అక్కడితో ముగియదు. అక్రమ నిర్బంధానికి గురైన వ్యక్తి విడుదలైన తరువాత కూడా ప్రభుత్వం నుంచి పరిహారం పొందవచ్చునని సుప్రీంకోర్టు 1985లోనే తేల్చిచెప్పింది. భీంసింగ్ వర్సెస్ జమ్మూకాశ్మీర్ రాష్ట్రం కేసుగా అది న్యాయచరిత్రలో నిలిచిపోయింది. తీర్పు వెలువరించిన ధర్మాసనానికి నేతృత్వం వహించిన జస్టిస్ ఒ.చిన్నపరెడ్డి అనంతపురం జిల్లాకు చెందినవారు కావడం తెలుగువారికి గర్వకారణం.

కాజీకుండ్ వద్ద ఏం జరిగింది?

భీంసింగ్ అప్పట్లో జమ్మూకాశ్మీర్ శాసనసభ సభ్యుడు, పాంథర్స్ పార్టీ వ్యవస్థాపకుడు. 1985 ఆగస్టు 17న ఆయనను సభ నుంచి సస్పెండ్ చేశారు. ఆయన హైకోర్టును ఆశ్రయించగా సెప్టెంబరు 9న న్యాయస్థానం ఆ సస్పెన్షన్‌ను నిలిపివేసింది. సభకు హాజరయ్యేందుకు అదే రాత్రి ఆయన జమ్మూ నుంచి శ్రీనగర్‌కు బయలుదేరారు. సెప్టెంబరు 10వ తేదీ తెల్లవారుజామున సుమారు 3 గంటల వేళ, శ్రీనగర్‌కు 70 కిలోమీటర్ల దూరంలోని కాజీకుండ్ వద్ద పోలీసులు ఆయనను అదుపులోకి తీసుకున్నారు.

సెప్టెంబరు 8న జమ్మూలో జరిగిన బహిరంగ సభలో రెచ్చగొట్టే ప్రసంగం చేశారన్నది పోలీసుల అభియోగం. ఆ మేరకు మరుసటి రోజు కేసు నమోదైంది. అయితే ఆయనను ఎక్కడ ఉంచారన్నది కుటుంబ సభ్యులకు తెలియలేదు. ఎంత వెదికినా ఆచూకీ చిక్కకపోవడంతో ఆయన భార్య జయమాల సుప్రీంకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ దాఖలు చేశారు. నిర్బంధంలో ఉన్న వ్యక్తిని తన ముందు హాజరుపరచి, నిర్బంధానికి కారణం చూపాలని న్యాయస్థానం ఆదేశించేందుకు వీలు కల్పించే పిటిషన్ ఇది. భర్త ఎక్కడ ఉన్నదీ ఆమెకు తెలియజేయాలని సుప్రీంకోర్టు సెప్టెంబరు 13న ఆదేశించింది. సెప్టెంబరు 16న అదనపు సెషన్స్ న్యాయమూర్తి ఆయనను విడుదల చేశారు.

కాగితంపై రిమాండు, కనిపించని మనిషి

కేసుకు ఆయువుపట్టు ఇక్కడే ఉంది. అరెస్టు చేసిన వ్యక్తిని ప్రయాణ సమయం మినహా 24 గంటలలోగా సమీప మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలని రాజ్యాంగంలోని 22వ అధికరణం రెండో క్లాజు నిర్దేశిస్తోంది. భీంసింగ్ విషయంలో పోలీసులు సెప్టెంబరు 11న ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు నుంచి, 13న సబ్ జడ్జి నుంచి రిమాండు ఉత్తర్వులు పొందారు. ఆ రెండు సందర్భాలలోనూ ఆయనను వారి ముందుకు తీసుకురాలేదు. కార్యాలయ వేళలు ముగిశాక అధికారుల నివాసాల వద్దకు దరఖాస్తులు తీసుకువెళ్లి సంతకాలు చేయించుకున్నారు. ఆయన తొలిసారి న్యాయాధికారి ఎదుట నిలిచింది 14వ తేదీన మాత్రమే.

గడువు నిబంధన కేవలం లాంఛనం కాదు. మనిషిని ప్రత్యక్షంగా చూసినప్పుడే ఒంటిపై గాయాలున్నాయా, అరెస్టుకు కారణం చెప్పారా, ఇంటివారికి కబురు అందిందా అని మేజిస్ట్రేటు అడగగలుగుతారు. కాగితం మాత్రమే వచ్చి మనిషి రాకపోతే ఈ ప్రశ్నలకు తావే ఉండదు. అందుకే సుప్రీంకోర్టు పోలీసులతో పాటు మేజిస్ట్రేటును, సబ్ జడ్జిని కూడా తప్పుపట్టింది. వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించిన ఉత్తర్వులపై వారు యథాలాపంగా సంతకాలు చేశారని ఆక్షేపించింది. పోలీసులు దురుద్దేశంతో వ్యవహరించారని నిర్ధారించింది. శాంతిభద్రతల సంరక్షకులే పౌర స్వేచ్ఛను హరించరాదని హితవు పలికింది. ఒక శాసనసభ్యుడికే ఈ గతి పడితే సామాన్యుల పరిస్థితి ఏమిటన్న ఆవేదన కూడా తీర్పులో వ్యక్తమైంది.

విడుదలయ్యాక ఇంకేం కావాలి?

సుప్రీంకోర్టు తీర్పు 1985 నవంబరు 22న వెలువడే నాటికి భీంసింగ్ స్వేచ్ఛగానే ఉన్నారు. ఇక విడుదల చేయమని ఆదేశించాల్సిన అవసరం లేదు. అయినా జస్టిస్ చిన్నపరెడ్డి, జస్టిస్ వి.ఖాలిద్‌ల ధర్మాసనం కేసును మూసివేయలేదు. దురుద్దేశంతో నిర్బంధించి రాజ్యాంగ హక్కులను కాలరాసినప్పుడు, బాధితుడు బయటికి వచ్చినంత మాత్రాన ఆ అన్యాయం చెరిగిపోదని స్పష్టం చేసింది. 21, 22 అధికరణాల ఉల్లంఘన జరిగిందని తేల్చి, 50 వేల రూపాయల పరిహారాన్ని రెండు నెలలలోగా చెల్లించాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది.

అరెస్టు చేసిన అధికారి, రిమాండు తెచ్చిన అధికారి కింది మెట్టుపై ఉన్న చిన్న ఉద్యోగులేనని, అసలు బాధ్యత ప్రభుత్వ ఉన్నత స్థాయిలో ఉందనడంలో సందేహం లేదని ధర్మాసనం వ్యాఖ్యానించింది. అయితే అది ఎవరిదో చెప్పేందుకు తన ముందున్న ఆధారాలు సరిపోవని పేర్కొంది.

అమృత్‌సర్ వర్తకుడికి దక్కని న్యాయం

ఈ తీర్పు విలువ తెలియాలంటే అంతకు ముందటి పరిస్థితిని గుర్తుచేసుకోవాలి. 1947 సెప్టెంబరులో అమృత్‌సర్‌కు చెందిన ఒక వర్తకుడు బంగారం, వెండి విక్రయించేందుకు మీరట్ చేరుకున్నారు. అర్ధరాత్రి బజారు గుండా వెళుతుండగా ముగ్గురు కానిస్టేబుళ్లు ఆపి కొత్వాలీకి తీసుకువెళ్లారు. 100 తులాలకు పైగా బంగారాన్ని, వెండిని స్వాధీనం చేసుకున్నారు. మరుసటి రోజు ఆయన బెయిలుపై బయటికి వచ్చారు. వెండి తిరిగి వచ్చింది కానీ బంగారం రాలేదు. దాని బాధ్యత చూసే హెడ్ కానిస్టేబులు సొత్తుతో పాకిస్థాన్‌కు పరారయ్యాడు.

బంగారం లేదా దాని విలువ ఇప్పించాలని వర్తకుని సంస్థ వేసిన దావా సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. పోలీసుల నిర్లక్ష్యం రుజువైంది. అయినా అరెస్టు, సొత్తు స్వాధీనం అనేవి ప్రభుత్వ సార్వభౌమాధికార విధులని, వాటి నిర్వహణలో జరిగిన నష్టానికి ప్రభుత్వంపై దావా చెల్లదని 1964లో తీర్పు వచ్చింది. కస్తూరీలాల్ కేసుగా ఇది ప్రసిద్ధం. ఈ లోపాన్ని సరిదిద్దేందుకు చట్టం చేయాలని ఆనాడే సుప్రీంకోర్టు సూచించినా అటువంటి సమగ్ర చట్టం నేటికీ రాలేదు.

తలుపు తెరుచుకున్నది 1983లో. బీహార్‌కు చెందిన రుదుల్ షా అనే వ్యక్తి 1968లో నిర్దోషిగా తేలినా మరో 14 ఏళ్లు జైలులోనే మగ్గారు. ఆయనకు మొత్తం 35 వేల రూపాయలు ఇప్పిస్తూ, ప్రాథమిక హక్కు భంగమైతే రిట్ పిటిషన్‌లోనే పరిహారం ఇవ్వవచ్చునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. భీంసింగ్ కేసు అదే బాటలో నడిచింది. ఏళ్ల తరబడి సాగిన నిర్బంధానికే కాదు, కొద్ది రోజుల అక్రమ నిర్బంధానికీ ప్రభుత్వం మూల్యం చెల్లించాల్సి వస్తుందని చాటింది. 1993లో ఒడిశాకు చెందిన నీలావతి బెహరా కేసులో కస్టడీ మరణానికి లక్షా 50 వేల రూపాయలు ఇప్పిస్తూ, ప్రాథమిక హక్కుల ఉల్లంఘన జరిగినప్పుడు సార్వభౌమాధికార వాదన చెల్లదని న్యాయస్థానం తేటతెల్లం చేసింది.

కోయిలకుంట్ల నుంచి వచ్చిన తీర్పు

సాధారణ దావాలలో కూడా ఆ వాదనకు చెక్ పెట్టింది కర్నూలు జిల్లాకు చెందిన కేసే. 1977 మేలో కోయిలకుంట్ల సబ్‌జైలుపై దుండగులు బాంబులతో దాడి చేయగా అందులో ఉన్న తండ్రి మరణించారు, కుమారుడు గాయపడ్డారు. దాడి ముప్పు గురించి ముందే విన్నవించినా తగిన రక్షణ కల్పించలేదని కుటుంబం దావా వేసింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1989లో లక్షా 44 వేల రూపాయలు మంజూరు చేసింది. సార్వభౌమాధికారం పేరిట ప్రభుత్వం చేసిన అప్పీలును 2000లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. జీవించే హక్కుకు భంగం వాటిల్లిన చోట ఆ రక్షణ ప్రభుత్వానికి వర్తించదని తేల్చింది.

ఆపడం వేరు, అరెస్టు వేరు

పోలీసులు ఆపిన ప్రతిసారీ అది అక్రమం కాదు. బహిరంగ ప్రదేశంలో యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగినప్పుడు డ్రైవరు లైసెన్సు చూపించాలని మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ చెబుతోంది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 172వ సెక్షన్ ప్రకారం నేర నివారణకు పోలీసులు ఇచ్చే చట్టబద్ధమైన ఆదేశాలను ప్రజలు పాటించాలి. పాటించని వారిని అదుపులోకి తీసుకుని మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచవచ్చు. చిన్న విషయమైతే 24 గంటలలోగా వదిలివేయవచ్చు.

స్టేషను నుంచి కదలడానికి వీలులేకుండా కూర్చోబెడితే మాత్రం అది నిర్బంధమే. 'విచారణకు పిలిచాం' అన్నంత మాత్రాన దాని స్వభావం మారదు. అరెస్టుకు కారణాలు తెలపాలని సంహిత 47వ సెక్షన్, బంధువులకు లేదా మిత్రులకు సమాచారం ఇవ్వాలని 48వ సెక్షన్ ఆదేశిస్తున్నాయి. అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనిపించాలి. సాక్షి సంతకంతో అరెస్టు పత్రం తయారు చేయాలి. డి.కె.బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు విధించిన నిబంధనలే తరువాత చట్టంలో చోటుచేసుకున్నాయి. కారణాలు తెలపని అరెస్టు చెల్లదని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మరోసారి స్పష్టం చేసింది.

అరెస్టు లేకుండా ఆపిన సందర్భాలపైనా కొత్త ప్రశ్నలు తలెత్తుతున్నాయి. 2021 మేలో హైదరాబాద్‌లో ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు దారిలో ఆపి, మాస్కు తీయమని, ఆయన నిరాకరించినా ఫొటో తీశారన్నది ఆయన ఆరోపణ. ముఖాలను గుర్తించే సాంకేతికత వినియోగాన్ని సవాలు చేస్తూ ఆయన తెలంగాణ హైకోర్టును ఆశ్రయించగా, 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులు జారీ అయ్యాయి.

బాధితులు ఎక్కడికి వెళ్లాలి?

మనిషి ఆచూకీ తెలియకపోతే జాప్యం తగదు. రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో, 32వ అధికరణం కింద సుప్రీంకోర్టులో హెబియస్ కార్పస్ వేయవచ్చు. బాధితుడి తరఫున భార్య, తల్లిదండ్రులు, మిత్రులు ఎవరైనా దాఖలు చేయవచ్చు. విడుదలైన తరువాత పరిహారం కోరుతూ హైకోర్టులో రిట్ వేయవచ్చు, లేదా సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. అక్రమ నిర్బంధంపై దావాకు కాలపరిమితి నిర్బంధం ముగిసిన నాటి నుంచి ఒక్క సంవత్సరమే. మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేసేందుకూ ఘటన జరిగిన నాటి నుంచి ఏడాదే గడువు. భయంతోనో, రాజీ మాటలతోనో కాలం గడిపితే ఈ దారులు మూసుకుపోతాయి.

ఖర్చుకు వెరవనక్కరలేదు. మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు, కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేసినా వివరాలు చెబుతారు.

అయితే ఆరోపించిన ప్రతివారికీ పరిహారం దక్కదు. హక్కుల ఉల్లంఘన నిర్వివాదంగా కనిపించాలని 2006లో సుబే సింగ్ కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది. ఆధారాలు చాలక ఆ పిటిషనరుకు పరిహారం లభించలేదు. కనుక ఏ చోట, ఏ సమయంలో ఆపారు, అధికారి పేరు ఏమిటి, వాహనం నంబరు ఎంత, ఎవరు చూశారు అన్నవి వెంటనే కాగితంపై పెట్టుకోవాలి. గాయాలుంటే ప్రభుత్వ వైద్యుని ధ్రువపత్రం తీసుకోవాలి. ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపి రశీదు భద్రపరచుకోవాలి. భీంసింగ్ కేసులో సుప్రీంకోర్టు తేదీలను, వేళలను పక్కపక్కన పెట్టి చూసింది. 10వ తేదీ తెల్లవారుజామున అరెస్టు, 14వ తేదీన తొలి హాజరు. ఆ అంతరానికి ప్రభుత్వం వద్ద సమాధానం లేకపోయింది.