ఒక్క క్లిక్కులో ఇమడని చర్చి

మెదక్ చర్చిలోకి పగటిపూట అడుగుపెట్టగానే చూపు నేరుగా బలిపీఠం వెనక ఉన్న రంగుటద్దాల కిటికీ మీదికి పోతుంది. బయట వెలుతురు ఉన్నంతసేపే ఆ బొమ్మ. పొద్దుగూకితే లోపలివాళ్ళకు అది నల్లటి గాజే. కాసేపు నిలబడితే రాతి స్తంభాలు, ఎత్తయిన కమానులు, నేల మీది పలకల నగిషీ ఒక్కొక్కటిగా కంటికి ఆనతాయి. అదే చోట నిలబడి కెమెరాతో ఒకే ఒక్క ఫొటో తీస్తే మాత్రం రెండింట్లో ఒకటే దక్కుతుంది. కిటికీలో బొమ్మ తేటగా వస్తే తక్కిన చర్చంతా చీకటి. స్తంభాలు తేటగా వస్తే కిటికీ ఉన్న చోట తెల్లటి మచ్చ.

చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ, కరువుతో అల్లాడుతున్న జనానికి పనీ తిండీ దొరకాలని పదేళ్ళపాటు కట్టించిన చర్చి ఇది. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. 175 అడుగుల గంటగోపురాన్ని బయటి నుంచి ఎవరైనా చక్కగా ఫొటో తీయగలరు. లోపలిదే కష్టం. ఆ కష్టం ఫొటో తీసేవాళ్ళ చేతగానితనం వల్ల వచ్చింది కాదు, వెలుతురును కొలిచే పద్ధతిలోనే ఉంది.

మన కంటిపాప రెండు మిల్లీమీటర్ల నుంచి ఎనిమిది దాకా విచ్చుకోగలదు. అంటే లోపలికి పోయే వెలుతురు పదహారు రెట్లు మారుతుంది. అంతకంటే పెద్ద సర్దుబాటు రెటీనా చేసుకుంటుంది. పైగా మనం గదినంతా ఒకేసారి చూడం. కిటికీ వైపు చూసినప్పుడు ఒక తీరున, మూల వైపు చూసినప్పుడు మరో తీరున కన్ను సర్దుకుంటుంది. ఆ ముక్కలన్నీ కలిపి ఒకే దృశ్యమని మెదడు మనల్ని నమ్మిస్తుంది. కెమెరా అలా కాదు. ఒక ఫొటోలో కిటికీకీ మూలకూ ఒకే కొలత పెడుతుంది.

ఆ కొలత ఎక్కడ తప్పుతుందో చూడండి. కెమెరా సెన్సర్ మీద లక్షల కొద్దీ, ఒక్కోదాంట్లో కోట్ల కొద్దీ చిన్న గళ్ళుంటాయి. కాంతి కణం పడ్డప్పుడు అక్కడ ఎలక్ట్రాన్ విడివడి గడిలో చేరుతుంది. ప్రతి గడికీ ఒక పట్టు ఉంది. గింజలు కొలిచే మానిక నిండాక ఇంకా ఎంత పోసినా కొలతలోకి రానట్టే, ఆ పట్టు దాటిన వెలుతురు లెక్కలోకి రాదు. రంగుటద్దం మీద ఇది కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. ఎర్రటి గాజు ముక్కకు ఎక్స్‌పోజర్ పెంచుతూ పోతే ముందు ఎరుపును కొలిచే గళ్ళు నిండిపోతాయి. పచ్చను, నీలాన్ని కొలిచేవి ఇంకా నిండుతూనే ఉంటాయి. దాంతో ఆ ఎరుపు నారింజగా, పసుపుగా, చివరికి వట్టి తెలుపుగా మారిపోతుంది. ఆ ఫొటోను కంప్యూటర్లో ఎంత ముదురు చేసినా పోయిన ఎరుపు తిరిగి రాదు.

చీకటి మూలది ఇంకో బాధ. కాంతి కణాలు సమంగా లెక్కపెట్టినట్టు రావు. సగటున 100 పడాల్సిన చోట ఒకసారి 90, ఒకసారి 110 పడతాయి, పదోవంతు తేడా. 10,000 పడే చోట తేడా సుమారు 100, అంటే నూటికి ఒక వంతే. అందుకే మూలల్ని బలవంతంగా వెలిగిస్తే గోడంతా ఇసుక చల్లినట్టు రవ్వలు తేలతాయి. దానికి మందు ఎక్కువసేపు షటర్ తెరిచి ఉంచడమే. కానీ ఆలోగా కిటికీ తెల్లబడుతుంది.

మరి రెండూ కావాలంటే రెండు ఫొటోలు తీసి కలపాలి. ఈ ఆలోచన డిజిటల్ కాలంలో పుట్టింది కాదు. 1850ల నాటి గాజు ప్లేట్లు నీలి కాంతికి అతిగా స్పందించేవి, ఆకాశం తెల్లగా తేలిపోయేది. ఫ్రాన్సులో గుస్తావ్ ల గ్రే సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి మరో నెగటివ్ వాడి ఒకే కాగితం మీద అచ్చువేశాడు.

కలపడాన్ని కొలతగా మార్చింది మాత్రం 1997లో వచ్చిన ఒక పరిశోధనా పత్రం. రాసినవాళ్ళు బర్క్‌లీలో పనిచేస్తున్న పాల్ డెబెవెక్, మథురలో పుట్టి కాన్పూర్ ఐఐటీలో చదివిన జితేంద్ర మాలిక్. వాళ్ళు ఎంచుకున్న దృశ్యాల్లో ఒకటి చర్చే కావడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది. అది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని మెమోరియల్ చర్చి. కుడివైపు రంగుటద్దం వెనకనే సూర్యుడున్న సమయం. 30 సెకన్లతో మొదలుపెట్టి, ప్రతిసారీ సగం చేసుకుంటూ సెకనులో వెయ్యోవంతు దాకా, మొత్తం 16 ఫొటోలు. మొదటిదానికీ చివరిదానికీ మధ్య వెలుతురు తేడా సుమారు 30,000 రెట్లు.

వాళ్ళు చేసిన పని తెలివైనది. కెమెరా ఇచ్చే అంకె అసలు వెలుతురుకు సూటి నిష్పత్తిలో ఉండదు. తయారీదారు పెట్టిన ఒక వంపు మధ్యలో ఉంటుంది. ఆ వంపు ఎవరూ చెప్పనక్కర్లేకుండా ఫొటోల నుంచే రాబట్టారు. ఒకే రాయిని పదహారు సార్లు తీశాం, ప్రతిసారీ ఎంతసేపు తీశామో తెలుసు, కాబట్టి అంకెలు మారిన తీరే వంపును బయటపెడుతుంది. ఆ తరువాత ప్రతి బిందువు దగ్గరా అన్ని ఫొటోల సాక్ష్యం తీసుకుంటారు. బాగా నల్లగానో తెల్లగానో వచ్చిన ఫొటో మాటకు విలువ తక్కువ, నడిమి అంకె చెప్పినదానికి ఎక్కువ. చివరికి మిగిలేది ఆ చర్చిలో ఏ చోట ఎంత వెలుతురుందో చెప్పే పటం. అందుకే ఇలా కలిపిన ఫొటోను బూటకమనే వాళ్ళతో నేను ఏకీభవించను. ఒక్క ఫొటోకంటే ఇదే ఎక్కువ నిజం చెబుతుంది.

బూటకం రాగలిగేది ఆ తరువాతి మెట్టులో. అంత వెలుతురు తేడాను చూపే శక్తి కాగితానికి లేదు, కాబట్టి కుదించాలి. 2007లో మెర్టెన్స్, కౌట్స్, వాన్ రీత్ ఒక సులువైన దారి చూపారు: పటం కట్టకుండానే, ప్రతి ఫొటోలో ఎక్కడ వివరం స్పష్టంగా ఉంది, ఎక్కడ రంగు నిండుగా ఉంది, ఎక్కడ వెలుతురు సరిపోయింది అని చూసి, ఆ భాగాలనే అతుకు తెలియకుండా కలపడం. పద్ధతి ఏదైనా మోతాదు మన చేతిలోనే ఉంటుంది. మూలమూలనా సమంగా వెలుగు నింపిన ఫొటోలు చూస్తే నాకు బాధగా ఉంటుంది. రాతి స్తంభం గుండ్రంగా కనిపించేది ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ ఉండబట్టే. నీడ తీసేస్తే అది బల్లపరుపు చెక్క. కిటికీ చుట్టూ గోడ మీద నల్లటి పట్టీ కనిపించిందంటే కుదింపు శ్రుతి మించిందని గుర్తు.

తీయాలనుకునేవాళ్ళు ముందు చర్చి పెద్దల అనుమతి అడగాలి, ఆరాధన లేని వేళ చూసుకోవాలి. ట్రైపాడ్ తప్పనిసరి. అపర్చర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ ఒకచోట బిగించేసి షటర్ వేగం ఒక్కటే మార్చాలి. అపర్చర్ మారిస్తే స్పష్టత లోతు కూడా మారి ఫొటోలు ఒకదాని మీద ఒకటి కుదరవు. కిటికీలో ఎరుపు ఎరుపుగానే ఉన్న వేగం దగ్గర మొదలుపెట్టి, చీకటి మూలలో రాతి గరుకుదనం తెలిసేదాకా రావాలి. ఉదాహరణకు సెకనులో 125వ వంతు, 30వ వంతు, 8వ వంతు, అర సెకను, 2 సెకన్లు, 8 సెకన్లు. రా (raw) ఫైళ్ళయితే ఈ ఎడం చాలు. తీరిగ్గా తీయడానికి లేదు. నాలుగు నిమిషాల్లో సూర్యుడు ఒక డిగ్రీ జరుగుతాడు, అతనితోపాటు నేల మీద పడ్డ రంగుల మరకా జరుగుతుంది.

లెన్స్ కూడా కొంత అడ్డం వస్తుంది. కిటికీ వెలుతురు లెన్స్ లోపలి గాజుల మధ్య చెదిరి, పక్కనున్న చీకటి మీద పలచటి తెర కప్పుతుంది. ఎన్ని ఫొటోలు కలిపినా ఆ తెర పోదు. లెన్స్ తుడిచి ఉంచుకోవడం, సూర్యుడు నేరుగా గాజు వెనకకు రాని వేళ చూసుకోవడం మేలు. మబ్బు పట్టిన రోజు ఇంకా మంచిది. అప్పుడు కిటికీ మసకబారినంత మేరా గది కూడా మసకబారుతుంది, కాబట్టి ఆ రెండింటి తేడా పెద్దగా తగ్గదు. తగ్గేదల్లా గాజు వెనకి సూర్యబింబం, నేల మీది ఎండపొడ. అన్నిటికంటే కాంతిమంతమైనవి అవే. అవి లేని రోజున పైన చెప్పిన ఆరులో మూడో నాలుగో ఫొటోలు సరిపోవచ్చు.