తీసి ఉంచిన తలుపుల్లోంచి వచ్చిన తెలుగు

శ్రీకాకుళం జిల్లా కంచిలిలో కూర్చుని, ఫోనులో ఆ ప్రాంతం పేరు ‘ఉద్దానం’ అని తెలుగులో కొడితే చాలు, కిడ్నీ జబ్బుల వార్తలు, జీడితోటల కబుర్లు, తుపాను హెచ్చరికలు వరసగా వచ్చేస్తాయి. ఇరవై ఏళ్ల కిందట ఇది కుదిరే పని కాదు. అప్పటికే తెలుగు పత్రికలకు వెబ్‌సైట్లు ఉన్నాయి, వార్తలూ ఉన్నాయి. కాకపోతే ఈనాడు, వార్త వంటి పత్రికలు దేనికది సొంత ఫాంటు వాడేవి. తెర మీద తెలుగులా కనిపించేదాని వెనక ఉన్నది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గజిబిజి. ఆ ఫాంటు పనిచేయని కంప్యూటర్లో గజిబిజే మిగిలేది. వార్తను కాపీ చేసి స్నేహితుడికి పంపినా అదే చేరేది. సెర్చ్ ఇంజన్లకు అది తెలుగని తెలిసే దారే లేదు.

చదివేవాళ్ల కోసం ఈ చిక్కుముడిని విప్పింది పత్రికలూ కావు, బ్రౌజర్ తయారుచేసిన సంస్థా కాదు. వెన్న నాగార్జున అనే తెలుగు ప్రోగ్రామర్. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు పునాది వేసిందీ ఆయనే. ఇందుకోసం ఆయన రాసిన చిన్న సాఫ్ట్‌వేర్ పేరు ‘పద్మ’.

పద్మ పుట్టడానికి వీలు కల్పించింది ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్. నెట్‌స్కేప్ సంస్థ 1998లో తన బ్రౌజర్ సోర్స్ కోడ్‌ను అందరి ముందూ పెట్టింది. దాంతో మొదలైన మొజిల్లా ప్రాజెక్టులోంచే 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది. బయటివాళ్లు ఎవరైనా ఎక్స్‌టెన్షన్ రాసి, బ్రౌజర్‌కు కొత్త విద్య నేర్పే ఏర్పాటు అందులో ఉంది. సంతకు ఊరు స్థలం ఇస్తుంది, ఏం అమ్మాలో తెచ్చినవాళ్లే తేల్చుకుంటారు. ఇదీ అలాంటిదే.

పద్మ చేసిన పని వినడానికి తేలిక: పాత ఫాంటులో ఉన్న పేజీని, అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించడం. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే 128 గడుల సొంత చోటు ఉంది. కానీ పత్రికల ఫాంట్లలో అక్షరం అక్షరంగా ఉండేది కాదు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు ఇంకో ముక్క. కంటికి కనిపించే వరసలో పేర్చిన ఆ ముక్కల్ని పట్టుకుని, ఏది ఏ హల్లుకు చెందిందో తేల్చి, తిరిగి అక్షరాలుగా కట్టాలి. ఒక్కో ఫాంటుకు ఈ లెక్క వేరు. తెలుగు చదివే మనిషి, కోడ్ రాయడం తెలిసిన మనిషి ఒకరే అయితే తప్ప సాగని చాకిరీ అది. తర్వాత పద్మ ఇతర భారతీయ లిపులకూ విస్తరించింది.

కాలిఫోర్నియాలో మొజిల్లా కోసం పనిచేసేవాళ్లకు గుడి అంటే ఏమిటో, వత్తు అంటే ఏమిటో తెలియాల్సిన అవసరం రాలేదు. తెలుగు పేపరు చదవడానికి జనం పడే అవస్థ వాళ్ల పనుల జాబితాలో ఎన్నటికీ చేరేది కాదేమో. దారి తెరిచి ఉంచారు, అవసరం తెలిసినవాడు నడిచాడు. తెరిచిన వేదికల అసలు బలం ఇక్కడే ఉంది: తయారుచేసినవాళ్ల ఊహకు అందని అవసరాలు కూడా తీరతాయి.

కథ పద్మతో ఆగలేదు. దాని కోడ్ ఆధారంగా వీవెన్ అనే మరో తెలుగువ్యక్తి ‘లేఖిని’ తయారుచేశారు. ఇంగ్లీషు కీబోర్డు మీద పలికినట్టు కొడుతూ పోతే బ్రౌజర్లోనే తెలుగు అక్షరాలు వచ్చే పేజీ అది. ఏ అక్షరానికి ఏ మీట అన్న పద్ధతికీ పాత వేరుంది. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువాళ్లు రూపొందించిన ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ దానికి మూలం. ఒకరి పని మీద మరొకరి పని నిలబడింది, ఎవరూ ఎవరి గడప ముందూ కాచుకోలేదు. బ్లాగర్, వర్డ్‌ప్రెస్ ఉచితంగా దొరకడంతో 2006 తర్వాత తెలుగు బ్లాగులు వెల్లువెత్తాయి. వాటిని ఒకచోట చూపించే ‘కూడలి’ కూడా ఆర్‌ఎస్‌ఎస్ అనే బహిరంగ ప్రమాణాన్ని వాడుకునే నడిచింది.

ఒక్కోసారి జనమే ముందు తోవ చేసుకుంటే కంపెనీలు తర్వాత తలుపు తీస్తాయి. 2005లో పాల్ రేడ్‌మేకర్ అనే ప్రోగ్రామర్, క్రెయిగ్స్‌లిస్ట్ అనే సైటులోని అద్దె ఇళ్ల ప్రకటనల్ని గూగుల్ మ్యాప్స్ మీద గుర్తులుగా చూపించే సైటు కట్టాడు. గూగుల్ అతన్ని ఆపలేదు. అదే ఏడాది మ్యాప్స్‌ను బయటి డెవలపర్లు వాడుకునే పద్ధతిని, అంటే ఏపీఐని, విడుదల చేసింది. అతన్ని ఉద్యోగంలోకీ తీసుకుంది.

అయితే తీసిన తలుపు మూసుకోవడమూ ఉంది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 రావడంతో పాత పద్ధతిలో రాసిన ఎక్స్‌టెన్షన్లన్నీ పనిచేయడం మానేశాయి. వేగం, భద్రత కోసమే ఆ మార్పు, అందులో న్యాయం ఉంది. అయినా ఎంతోమంది స్వచ్ఛందంగా చేసిన పని ఒక్కసారిగా పాతబడింది. గూగుల్ మ్యాప్స్ ఏపీఐ ధరలు 2018లో బాగా పెరిగాయి. 2023లో ట్విటర్ ఉచిత ఏపీఐని చాలావరకు తీసేసి, అప్పటిదాకా దాని మీద ఆధారపడిన చిన్న డెవలపర్లను ఇబ్బందిలో పడేసింది. కంపెనీ దయ మీద నిలిచే స్వేచ్ఛ వేరు, లైసెన్సులో రాసి ఇచ్చిన స్వేచ్ఛ వేరు.

రెండో రకానికి మంచి ఉదాహరణ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఈ పటాన్ని ఎవరైనా దిద్దవచ్చు, సమాచారాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. 2010 జనవరిలో హైతీలో భూకంపం వచ్చినప్పుడు, దేశదేశాల స్వచ్ఛంద కార్యకర్తలు ఉపగ్రహ చిత్రాలు చూసి కొద్ది రోజుల్లోనే రాజధాని పోర్టో ప్రిన్స్ వీధుల్ని గీశారు. సహాయ బృందాలు ఆ పటాన్నే వెంట పెట్టుకుని తిరిగాయి.

ఉద్దానానికి ఇది దూరపు సంగతి కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, కరెంటు రోజుల తరబడి లేదు. రోడ్డు మూసుకుపోయినప్పుడు తోటల మధ్య నుంచి ఏ బాట ఎక్కడ తేలుతుందో ఊరివాళ్లకు తెలుసు. పొరుగు జిల్లాల నుంచి వచ్చే సహాయ సిబ్బందికి తెలియదు. ఆ బాట పటం మీద ఉంటే, ఆర్గానిక్ మ్యాప్స్ వంటి యాప్‌తో నెట్ లేకపోయినా ఫోనులో చూసుకోవచ్చు. ఆ యాప్ కూడా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో బయటి డెవలపర్లు కట్టిందే.

కంచిలి, సోంపేట, కవిటి, పలాసల్లో చదువుకుంటున్న పిల్లలు, పాఠాలు చెప్పే మాస్టార్లు ఒకసారి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తెరిచి తమ ఊరు చూడాలి. జాడుపూడి నుంచి జలంత్రకోట దాకా ఏ ఊరి బాట, తుపాను షెల్టరు, మంచినీటి ట్యాంకు, ఆరోగ్య కేంద్రం కనిపించకపోయినా చేర్చాలి. పేర్లు తెలుగులో రాయాలి. ఒడియా మాట్లాడే ఇళ్లు ఉన్న ఊళ్లలో ఒడియాలోనూ రాయాలి. ఖాతా ఉచితం, ఎవరి అనుమతీ అక్కర్లేదు. తుపాన్లు వచ్చే ఈశాన్య రుతుపవనాల కాలం రాకముందే మొదలుపెడితే మంచిది.